సత్తువంతా నీళ్ళలోనే

అన్నయ్యా,

నాయనమ్మను ఆసుపత్రి పాలు చేసింది నీ ప్యాకెట్. వయసూ కాదు, ఎండా కాదు, ఇంకేదీ కాదు. నువ్వు ఎండబెట్టి, కవర్లో పోసి, పైన నాయనమ్మ బొమ్మ వేసి అమ్ముతున్నావే, ఆ పెండలం ముక్కల ప్యాకెట్.

అందరం క్షేమం అని ముందు రాయాలని నాకూ తెలుసు. క్షేమంగా లేనన్నాళ్ళు నీకు రాయలేదు. ఇప్పుడు ఉన్నాం, అందుకే తిట్టే తీరిక దొరికింది. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను ఒక్క మాట పూర్తి చెయ్యనివ్వవు. "అది కాదే కందిరీగా" అని మొదలుపెట్టి నీ వ్యాపారం కబుర్లలోకి దిగిపోతావు. కాగితం మీద నువ్వు నాకు అడ్డు రాలేవు. కాబట్టి చివరిదాకా చదువు.

పోయిన ఉత్తరంలో అడిగావు, కొత్త ప్యాకెట్ ఎలా ఉంది, నాయనమ్మ వాడుతోందా, కళ్ళు తిరిగాయట తగ్గిందా అని. కళ్ళు తిరిగాయి అన్నంతవరకే నీకు చెప్పమని నాయనమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది కనుక ఫోన్లో అంతే చెప్పాను. దానికి నువ్వు ఏం రాశావో గుర్తుందా? "నీరసం వల్లే అయ్యుంటుంది, ఇంకో పూట కూడా పట్టించు" అన్నావు. నేను ఆ వాక్యం ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని చదివాను. ఇంకో పూట పట్టించి ఉంటే నీకు ఈ ఉత్తరం కాదు, వేరే కబురు అందేది.

ప్యాకెట్ చూడ్డానికి బావుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి. రంగు బావుంది, నాయనమ్మ నవ్వు బావుంది. ఆ ఫొటో తీసింది నేను, నన్ను అడిగింది లేదు, అది వేరే గొడవ. బొమ్మ కింద పెద్దక్షరాలతో వేయించావు: "ఒంటికి మంచిది. ఉడికించిన నీళ్ళు పారబొయ్యకండి, సత్తువంతా నీళ్ళలోనే. ఇది మా నాయనమ్మ మాట." వెనక్కి తిప్పితే చిన్నక్షరాలు. బీపీకి, షుగర్‌కి, మోకాళ్ళకి, రక్తం పట్టడానికి, ఆడవాళ్ళ ఇబ్బందులకి. జుట్టు రాలడం ఒక్కటే మర్చిపోయావు. చోటు చాల్లేదేమో.

ఒంటికి మంచిది అన్నావు. ఎవరి ఒంటికి?

ఆ నీళ్ళ మాట నాయనమ్మదే, కాదనను. పనివాళ్ళ క్యాంటీన్లో వంట చేసే రోజుల్లో అంత పెద్ద గిన్నెలో దుంపలు ఉడికించి, బూడిద రంగు నీళ్ళు మన గ్లాసుల్లో పోసేది. నువ్వు తలుపు వెనక దాక్కుంటే చెవి పట్టుకుని లాక్కొచ్చేది. అప్పుడు ఆమె ఒంట్లో ఏ జబ్బూ లేదు, మనకీ లేదు. నీళ్ళు మనకి మంచే చేసి ఉంటాయి. ఇప్పుడు ఆమె మూత్రపిండాలు బలహీనమని నీకు తెలుసు. డాక్టర్ దుంపలు మానమన్నాడని నేనే నీకు చెప్పాను. బొమ్మ ఎంచుకునేటప్పుడు అది నీకు గుర్తు రాలేదు.

అసలు చోద్యం ఏమిటంటే, ఆ మాట నాయనమ్మ ఎప్పుడో మర్చిపోయింది. నీ ప్యాకెట్ మీద చదువుకుని మళ్ళీ గుర్తు తెచ్చుకుంది. డాక్టర్ మాట సగమే వినే మనిషి, నా మాట అసలే వినని మనిషి, తన మాటను అచ్చులో చూసుకుని తనే నమ్మేసింది.

"చూశావుటే, అచ్చేశారు. ఉత్తినే వేస్తారా?" అంది.

"వేయించింది నీ మనవడే కదా నాయనమ్మా."

"ఎవడైతేనేం, అచ్చు అచ్చే."

అప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను. ప్యాకెట్ చూసుకుని మురిసిపోతోందిలే అనుకున్నాను కానీ, ఆ మాట ఆచరణలో పెడుతోందని అనుకోలేదు.

ఆమె ఏం చేసిందో విను. పొద్దున్నే నీ ముక్కలు ఉడికించేది. ముక్కలేమో నా డబ్బాలో పెట్టేది. నేను పనిచేసే గోదాములో మధ్యాహ్నం బస్తా మీద కూర్చుని అవి తింటూ, పాపం తను నోరు కట్టుకుని నాకు పెడుతోంది అని నేను కరిగిపోయేదాన్ని. ఆ ఉడికిన నీళ్ళు మాత్రం చల్లార్చుకుని తను తాగేది. డాక్టర్ దుంప తినొద్దన్నాడు, తినలేదు. మనవడు నీళ్ళు పారబొయ్యొద్దన్నాడు, పారబొయ్యలేదు. ఇద్దరి మాటా నిలబెట్టింది మహాతల్లి.

ఒక సెలవు రోజు నేను బట్టలు ఆరేస్తున్నాను. వంటింట్లోంచి పిలిచింది.

"ఏమే, నా కాళ్ళు ఎక్కడ పెట్టావే?"

హాస్యం అనుకుని, "బీరువాలో దాచాను" అన్నాను. చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళేసరికి స్టూల్ మీద కూర్చుని ఉంది. లేద్దామని చూస్తోంది, కాళ్ళు కదలడం లేదు. మొహంలో భయం కూడా లేదు, ఏదో వస్తువు కనబడక వెతుక్కుంటున్నట్టుంది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

ఆసుపత్రిలో ఛాతీకి వైర్లు పెట్టి గుండె గీతలు తీశారు. కాగితం చూడగానే నర్సు నడక మారింది. అప్పటిదాకా చెప్పులు ఈడుస్తూ తిరిగిన మనిషి పరిగెత్తింది. రక్తంలో పొటాషియం ఎక్కువైందన్నారు. అదేదో విషం కాదు అన్నయ్యా, అందరి ఒంట్లోనూ ఉండేదే, ఉండాల్సిందే. కండరం కదలాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా అది కావాలి. ఎక్కువైనదాన్ని మూత్రపిండాలు బయటికి తోసేస్తాయి. తోసే ఓపిక లేకపోతే అది రక్తంలోనే నిలబడిపోయి, నడిపించాల్సిన గుండెనే ఆపేస్తుంది. ఇంజెక్షన్లు చేశారు, సెలైన్లు ఎక్కించారు. నేను మంచం ఇనప కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. నాకు చేతనైన పని అదొక్కటే.

ప్రాణం కుదుటపడ్డాక విచారణ మొదలైంది.

"ఏం తిన్నారమ్మా?" డాక్టర్ అడిగాడు.

"మీరు చెప్పినవే."

"పళ్ళేమైనా?"

"లేదు."

"దుంపలు?"

"ముట్టుకోలేదు. కావాలంటే దీన్ని అడగండి."

నేనూ తల ఊపాను. నిజమే కదా, ఆవిడ తినగా నేను చూడలేదు. వాళ్ళకేమీ పాలుపోలేదు. మర్నాడు రోగుల తిండి సంగతి చూసే మేడమ్ వచ్చింది. సన్నగా ఉంటుంది, మెల్లగా మాట్లాడుతుంది. నాయనమ్మను వదిలేసి, నువ్వేం తింటావమ్మా అని నన్నడిగింది. నేను గొప్పగా చెప్పాను, రోజూ పెండలం ముక్కలు, మా నాయనమ్మే ఉడికించి డబ్బాలో పెడుతుంది అని.

"ఉడికించిన నీళ్ళు ఏం చేస్తారు?"

నేను నోరు తెరిచేలోపు మంచం మీదినుంచి నాయనమ్మ అందుకుంది. "ఏం చేస్తాం, తాగుతాను. సత్తువంతా నీళ్ళలోనే కదమ్మా."

"మరి నిన్న అడిగితే ఏమీ తినలేదన్నారట."

"తినలేదుగా. తాగాను. నీళ్ళు తిండెలా అవుతాయి? మీరు తిన్నదే అడిగారు."

మేడమ్ నా వంక చూసింది. ఆవిడకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకు తెలీదు. నా సంచీలో ఉన్న నీ ప్యాకెట్ తీసి చేతికిచ్చాను. ముందూ వెనకా చదివి, "ఈ మాట నిజమే, అదే చిక్కు" అంది. దుంపను ఉడికిస్తే అందులో పొటాషియం నీళ్ళలోకి దిగుతుందట. ఎండబెట్టిన ముక్కల్లోనైతే నీరు పోయి అన్నీ చిక్కబడి ఉంటాయి కాబట్టి ఇంకా ఎక్కువట. అంటే సత్తువ నీళ్ళలోనే ఉంది. నాయనమ్మ చెప్పింది తప్పు కాదు. ఆమె తాగకూడని సత్తువ అది.

అక్కడితో ఊరుకుంటే నేను నీ చెల్లెల్ని ఎలా అవుతాను? "మేడమ్, తినొద్దు అనడం ఎవరైనా అంటారు. ఈవిడ జీవితమంతా దుంప వండిన మనిషి. తినే దారేదైనా ఉంటే చెప్పండి" అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది, పక్క మంచం వాళ్ళు లేచి కూర్చున్నారు. మేడమ్ కోప్పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది. అందరికీ కుదరదు, రక్తం చూసి, డాక్టర్ ఒప్పుకుంటేనే. ఎండు ముక్కలు ఎప్పటికీ వద్దు. పచ్చి దుంప తొక్క తీసి, పల్చగా కోసి, బోలెడు గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబొయ్యాలి. మళ్ళీ కొత్తనీళ్ళు నిండా పోసి ఉడికించి అవీ పారబొయ్యాలి. అప్పుడు కూడా పొటాషియం పూర్తిగా పోదు, తగ్గుతుంది, అందుకే చిన్న ముక్క, ఎప్పుడో ఒకసారి. ఆవిడ నాలుగు మాటల్లో చెప్పింది, నేను నలభై ప్రశ్నలు వేశాను. విసుక్కోకుండా జవాబిచ్చి, ఇంకా చదవాలంటే ఏ పుస్తకం చూడాలో చెప్పింది.

చదివాను. లైబ్రరీలో, పక్కన నిఘంటువు పెట్టుకుని. బడి మానేసినదానికి పుస్తకాలెందుకని నవ్వుకోకు, నీ ప్యాకెట్ వెనక రాయించినవాడి కంటే ఎక్కువే చదివాను. పెండలంలో నీళ్ళు తీసేస్తే మిగిలేది చాలావరకు పిండిపదార్థం. అందుకే మా గోదాములో బస్తాలు మోసేవాళ్ళకి అది తింటే సాయంత్రందాకా కడుపు నిలబడుతుంది. అందుకే షుగర్ ఉన్నవాళ్ళు కొలుచుకుని తినాలి, నువ్వేమో షుగర్‌కి మందన్నావు. పీచు ఉంది, పొట్టకి మంచిది. పొటాషియం ఉంది, మూత్రపిండాలు బాగున్నవాళ్ళకి బీపీ అదుపులో ఉండటానికి సాయం చేస్తుంది, సాయమే, మాత్రలు మానేసేంత కాదు. సి విటమిన్ ఉంది, ఉడికిస్తే కొంత పోతుంది. తొక్క తీస్తే నా చేతులు ఎందుకు దురద పెడతాయో కూడా తెలిసింది, లోపల కంటికి కనబడని సూదుల్లాంటి పలుకులుంటాయట. ఆడవాళ్ళ ఇబ్బందులు అన్నావు. కొన్ని అడవి రకాల దుంపల్లోంచి ఒక పదార్థం తీసి, దాన్ని మార్చి మార్చి హార్మోను మందులు చేశారు, నిజమే. ఆ మార్చింది ఫ్యాక్టరీ, మన కడుపు కాదు. దూదిగింజ తింటే ఒంటి మీద చొక్కా మొలవదు.

దుంప మందు కాదు అన్నయ్యా. మంచి తిండి. మంచి తిండి కావడం ఏమన్నా తక్కువా? దానికి లేని కిరీటం పెట్టి నువ్వే దాన్ని దొంగను చేశావు.

ఇంటికొచ్చాక రక్తపరీక్ష బావుంది. డాక్టర్ సరేనన్నాడు. దుంప నేనే కోశాను, రెక్కలా పల్చగా. నానబెట్టిన నీళ్ళు వంచబోతే నాయనమ్మ వచ్చి గిన్నె చెవి పట్టుకుంది.

"ఓసి నీ దుంప తెగ, సత్తువంతా సింకులో పోస్తావా?"

"దుంప తెగితేనే కదా నువ్వు తినేది. చెయ్యి తియ్యి."

"నా చేతులమీదుగా ఒక్క చుక్క పారబొయ్యలేదే ఇన్నేళ్ళూ."

"నేను పోస్తాగా. నువ్వు అటు తిరుగు."

అటు తిరగలేదు. నీళ్ళు పోతున్నంతసేపూ, ఎవరినో సాగనంపుతున్నట్టు చూస్తూ నిలబడింది. ఉడికించిన నీళ్ళు కూడా వంచాక, చిన్న ముక్క పళ్ళెంలో పెట్టి ఇచ్చాను. నమిలింది. చాలాసేపు నమిలింది. "చప్పగా తగలడింది" అంది. ఆ తర్వాత వేలితో పళ్ళెం తుడిచి నాకింది. అన్నయ్యా, గోదాములో ఏడాదికో మంచి పనివాడని దండ వేస్తారే, ఆ దండ నా మెళ్ళో వేసినా నాకు అంత పొగరు వచ్చి ఉండేది కాదు. మళ్ళీ పరీక్ష చేయించాం. పొటాషియం ఉండాల్సిన చోటే ఉంది. ఆ కాగితం చూసి మేడమ్ నాకు చెయ్యి కలిపింది. నాయనమ్మ కలపలేదు, "ఈసారి ఉల్లిపాయ తగిలించు" అంది.

ఇప్పుడు నీకు చెప్పనిది ఒకటుంది. ఇన్ని పేజీలు తిట్టాక చెప్పాల్సి రావడం నాకే ఇబ్బందిగా ఉంది. నీ ఏజెంటు కొనుక్కొచ్చే దుంపలు మా గోదామువి. సరుకు ఎవరికి వెళ్తోందో తెలిసిన రోజునుంచి నీ బస్తాలు నేనే ఏరుతున్నాను. వేరేవాళ్ళని ముట్టుకోనివ్వను. మెత్తబడింది, పురుగు కొట్టింది, నీరు పట్టింది ఒక్కటి కూడా పోనివ్వకుండా, గట్టిగా, బరువుగా ఉన్నవే నీకు పంపాను. అంటే నాయనమ్మ తాగిన నీళ్ళలో ఉన్నది నేను ఏరిన దుంపే. ఇది తట్టిన రోజు నేను గోదాము వెనక కూర్చుని ఏడ్చాను, నిజం. తర్వాత ఏడుపు ఆగిపోయింది. ఎందుకంటే ఆ దుంపలో ఏ తప్పూ లేదు. నీ ముక్కల్లోనూ లేదు, శుభ్రంగా ఎండబెట్టావు. నేను బాగా చేశాను, నువ్వూ బాగానే చేశావు. తప్పు ప్యాకెట్ మీది ఆ చీటీలో ఉంది. అందుకే నాకు మండుతోంది. అందుకే దాన్ని సరిచెయ్యడం కుదురుతుంది కూడా.

కాబట్టి మొన్న నీ ఆర్డరు వచ్చినప్పుడు ఏరడం ఆపేశాను. యజమాని వచ్చాడు.

"సరుకు ఆపడానికి నువ్వెవతివే?"

"ఏరేదాన్ని."

"ఏరడంవరకే నీ పని."

"అదే చేస్తున్నానండీ. చెడ్డది పక్కన పెడుతున్నాను." నీ ప్యాకెట్ తీసి ఆయన ముందు బస్తా మీద పెట్టాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని చదివాడు. నాయనమ్మ సంగతంతా చెప్పాను. నాతో ఏరే ఆడవాళ్ళు అప్పటికే బుట్టలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. నేను కూర్చోమనలేదు. వాళ్ళలో ఒకామె భర్తకి కూడా మూత్రపిండాల జబ్బే, ఆమె ఇంట్లో కూడా నీ ప్యాకెట్ ఉంది. ఆమె ఆ పూట పని మానేసి ఇంటికి పరిగెత్తింది. తీసి పారేసి, రొప్పుతూ తిరిగొచ్చింది. ఆమెను చూశాక యజమాని ఇంక నాతో వాదించలేదు.

"మా దుంప తిని ముసలావిడ పడిపోయిందని ఊళ్ళో అంటేనో?" అన్నాడు.

"దుంప తిని కాదు, చీటీ నమ్మి పడిపోయింది. అలాగే చెప్తాను, అడిగినవాళ్ళకి."

కాసేపు గడ్డం గోక్కున్నాడు. "చీటీ మారితేనే లారీ ఎక్కిద్దాం. మీ అన్నకి నువ్వే రాయి, నాకు మీ కుటుంబంతో పెట్టుకునే ఓపిక లేదు" అన్నాడు.

గెలిచాను అన్నయ్యా. బుట్టల మీద కూర్చున్నవాళ్ళందరం గెలిచాం. ఇక్కడి కొట్లలో నీ ప్యాకెట్ ఒక్కటీ లేదు, అందరితో తీయించాను. మీ ఊళ్ళో తీయించాల్సింది నువ్వు.

నీకు చెప్పొద్దన్న నాయనమ్మే నా ఒట్టు వెనక్కి తీసుకుంది. బుట్టల సంగతి విని, "రాయవే, గట్టిగా రాయి. వాడు మంచివాడే, చదివితే చేస్తాడు" అంది. బొమ్మ తీసేయించమంటావా అని అడిగితే ఇంతెత్తున లేచింది. "బొమ్మ ఉండనీ. బావుంది. మాట మార్చమను" అంది. మార్చాల్సిన మాట తనే చెప్పింది, నేను ఒక్క అక్షరం దిద్దలేదు: "ఇది తిండి, మందు కాదు. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా దీన్ని తినకండి, దీని నీళ్ళు తాగకండి. నేను తాగి చావు నోట్లోంచి వచ్చాను. ఇది నాయనమ్మ మాట."

ఇంక నాకు కావలసింది రాస్తున్నాను. కొట్లలో ఉన్న పాత ప్యాకెట్లన్నీ వెనక్కి తెప్పించు. వెనక ఉన్న జబ్బుల పేర్లన్నీ తీసేయించు. ముందువైపు నాయనమ్మ చెప్పిన మాట అదే సైజు అక్షరాల్లో వేయించి, అచ్చయిన చీటీ ఒకటి నాకు పంపు. నీ లారీ సోమవారం వస్తుంది. చీటీ శనివారం సాయంత్రంలోపు నా చేతిలో ఉండాలి. ఫోన్ చేస్తే ఎత్తను, నాయనమ్మా ఎత్తదు. శనివారం చీకటి పడేసరికి రాకపోతే, ఆదివారం పొద్దున బస్సుకి మేమిద్దరం బయల్దేరి వచ్చి నీ కొట్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాం. ప్యాకెట్ కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ బొమ్మలో ఉన్నావిడే స్వయంగా చెప్తుంది, ఏం జరిగిందో. శనివారం సాయంత్రం, అన్నయ్యా.

ఇట్లు,
నీ సరుకు ఏరే, నీ మీద కోపం చల్లారని,
నీ చెల్లెలు కందిరీగ